పది పాళ్ల తీపి

మా సందులో ష్వే బాబాయ్‌కి కోపం వస్తే ముందు తెలిసేది నాకే. నా స్కూటర్ రిపేరు షాపు ఆయన టీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పైగా తైనాన్ ఊరంతా గాలించినా నా చెవుల్లాంటి చెవులు దొరకవు. బండి ఇంకా మలుపు తిరగకముందే దాని రోగమేమిటో చెప్పేస్తాను. హైస్కూలు మధ్యలో వదిలేసి వచ్చానని కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. నేను వచ్చేశాక ఆ స్కూలే కోలుకోలేదు.

బాబాయ్ కోపానికి ఒక చప్పుడుంది. పొడుగు గరిటెతో కుండ అంచు మీద కొడతాడు. ఒక దెబ్బ పడిందంటే ఎవరో తీపి తగ్గించమన్నారన్నమాట. రెండు పడ్డాయంటే తీపి అసలు వద్దన్నారని అర్థం. పోయిన చలికాలం అయ్యేసరికి గరిటె వంగిపోయింది. నేనే సుత్తితో కొట్టి సరిచేసి ఇచ్చాను. వారం తిరక్కముందే మళ్లీ వంగింది.

"పెద్దాయనా, ఒక పెద్ద కప్పు. చక్కెర మూడు పాళ్లు, ఐసు తక్కువ," అంది ఒక రోజు ఓ తైపే పిల్ల, ఫోను లోంచి తల ఎత్తకుండా.

"ఇక్కడ పాళ్లు లేవమ్మా."

"అంటే?"

"అంటే ఉన్నది ఒక్కటే. తాగితే తాగు."

"అయితే చక్కెర లేకుండానే ఇచ్చేయండి."

టంగ్. టంగ్.

"సముద్రం దగ్గరికెళ్లి ఉప్పు తీసేసి ఇమ్మంటావా అమ్మాయ్?"

"సముద్రాన్ని నేను తాగను కదా పెద్దాయనా," అని ఆ పిల్ల నవ్వి, మా సందు మొదట్లో కొత్తగా తెరిచిన రంగుల టీ కొట్టు వైపు నడిచింది. బాబాయ్ ఆమె వీపు వైపు చూసిన చూపుకి మామూలు మనిషైతే అక్కడే ఉడికిపోయేవాడు. తైపే వాళ్ల తోలు మందం కాబట్టి బతికింది.

ఆ రంగుల కొట్లో గోడ మీద ఒక పలక ఉంది. పది పాళ్లంటే పూర్తి తీపి, తర్వాత ఏడు పాళ్లు, అయిదు, మూడు, సున్నా. నీ నాలుక ఎంతంటే అంత. ఇప్పుడు మా దీవిలో ఎక్కడికెళ్లినా ఇదే వరస. మొన్న మా చెల్లెలి కొడుకు పుట్టగానే ఏడ్చిన ఏడుపు "పాలు ఏడు పాళ్లు" అన్నట్టే వినిపించింది నాకు. నర్సు కూడా ఒప్పుకుంది.

బాబాయ్ అసలు పేరు లిన్ జిన్‌ష్వే. ఆయన అమ్మేది బూడిద గుమ్మడికాయ టీ. పేరుకే టీ, అందులో ఆకు ఉండదు. కాయని చెక్కుతో, గింజలతో సహా కోసి, ముడి చక్కెర పోసి, చీకటితోనే లేచి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నానికి కుండలో నల్లటి నిగనిగ తేలుతుంది. వడగట్టి, చల్లార్చి, ఐసు వేసి ఇస్తాడు. ఆ కుండ వాళ్ల నాన్నది. ఆయన పోతూ కుండని చూపించాడే తప్ప కొడుకు వైపు చూడలేదని ఆసుపత్రిలో ఉన్నవాళ్లు చెప్పారు. అప్పట్లో కాయలు కూడా కాయల్లా ఉండేవి. వరదలొచ్చిన ఏడు ఒక కాయని పట్టుకుని మా తాత, ఆయన ఇద్దరు తమ్ముళ్లు, ఒక పంది ఒడ్డు చేరారు. ఆ కాయతోనే తర్వాత టీ కాచారు. పందికి కూడా ఒక కప్పు ఇచ్చారు, మర్యాద కదా.

బాబాయ్ వాదన తప్పని నేను అనను. కాయ, చక్కెర కలిసి ఉడకాలి. అలా ఉడికితేనే కాయలోంచి ఆ మాడీ మాడని వాసన, చక్కెరలోంచి ఆ లోతు వస్తాయి. కాయని ఊరికే ఉడకబెట్టి, అడిగినవాడికి అడిగినంత పాకం కప్పులో పోస్తే? "బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ముక్కూ మొహం తెలియనివాళ్లలా ఉంటుంది," అంటాడు ఆయన. "ఎవడి స్టాపులో వాడు దిగిపోతాడు." తీపి ఆయనకి కప్పులో కలిపేది కాదు, కుండలో పుట్టేది. అందుకే ఎవడైనా పాళ్లు అడిగితే ఆయన చెవికి అది తన బిడ్డని సగమే ఇమ్మన్నట్టు వినిపిస్తుంది.

అలాంటి మనిషి పెళ్లి కోసం చేదు తాగాడు. ఇది మా సందులో పిల్లలకి అన్నంతో పాటు పెట్టే కథ.

బీష్యా పిన్ని వాళ్ల నాన్నకి చేపల మార్కెట్ వెనక చేదాకుల టీ కొట్టు ఉండేది. నోరు పూసినవాళ్లు, ఒంట్లో వేడి చేసినవాళ్లు వచ్చి ఆ నల్లటి నీళ్లు గిన్నెడు తాగి, మొహం ముడుచుకుని, బాగుపడి వెళ్లేవాళ్లు. బాబాయ్ ఏ రోగమూ లేకుండా రోజూ వెళ్లేవాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిన్నిని చూస్తూ గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగి, "అబ్బా, ప్రాణం లేచొచ్చింది!" అనేవాడు. మలుపు తిరగ్గానే చొక్కా జేబులోంచి చక్కెర గడ్డ తీసి దవడన పెట్టుకునేవాడు. ఆ జేబు వాసనకి చీమలు వరస కట్టి చేపల మార్కెట్ నుంచి మా సందు దాకా ఆయన వెంట నడిచేవి. పెద్ద రోడ్డు దగ్గర పోలీసు ఈలేసి బళ్లు ఆపి చీమల్ని దాటించేవాడు. నేనప్పటికి పుట్టలేదు. అయినా ఆ చీమలు నాకు బాగా గుర్తు.

పెళ్లయ్యాక ఆయన మళ్లీ చేదు మొహం చూడలేదు. పిన్ని మాత్రం రోజూ మధ్యాహ్నం స్టీలు ఫ్లాస్కు పట్టుకుని పుట్టింటి కొట్టుకి వెళ్లి వస్తుంది. ఇప్పుడు ఆ కొట్టు ఆమె తమ్ముడు చూస్తున్నాడు. "దానికి ఒంటి వేడి ఎక్కువ," అని బాబాయ్ అందరికీ చెప్తాడు. ఆ ఫ్లాస్కు ఒంటి వేడికి కాదు. కొట్టు వెనక అరుగు మీద కూర్చుని, తన కప్పులో సగం బాబాయ్ టీ, సగం చేదు నీళ్లు కలిపి, వేలితో తిప్పి తాగుతుంది ఆమె. నేను చూశాను. లాటరీ టికెట్లు అమ్మే వూ చూశాడు. నూడుల్స్ బండి వాళ్లు చూశారు. కుక్క కూడా చూసింది. తెలియనిది ఆయనొక్కడికే. చెప్పే ధైర్యం ఎవరికుంది? గరిటె పొడుగు విన్నారుగా.

ఇక్కడో చిక్కుంది. కొన్నేళ్ల కిందట డాక్టరు బాబాయ్‌కి తీపి మానేయమన్నాడు. అప్పటి నుంచి తన టీ తనే తాగలేని మనిషయ్యాడు. వాసన చూస్తాడు, బుడగల చప్పుడు వింటాడు, కానీ కుండ దించే ముందు ఒక చెమ్చా పిన్ని నోటికి అందిస్తాడు. "బాగుంది కదా?" అంటాడు. పిన్ని ఒక క్షణం నాలుక మీద ఆడించి "ఊఁ" అంటుంది, లేదా "ఇంకో అరగంట" అంటుంది. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు. అలా ఆయన టీకి నాలుక ఆమెదే అయింది.

ఇక గొడవకి వస్తాను. బాబాయ్ మోకాళ్లు పోయాయి. కూతురు పేజెన్ తైచుంగ్ ఊళ్లో తను పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసులో సెలవు పెట్టి వచ్చి చలికాలమంతా కొట్లో నిలబడింది. రోజూ కళ్ల ముందే మనుషులు వచ్చి, పాళ్లు అడిగి, గరిటె చప్పుడు విని, రంగుల కొట్టుకి వెళ్లిపోతున్నారు. చివరికి ఒక సాయంత్రం ఆమె ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టింది. తనే రాసుకుంది, అందంగానే ఉంది. పది, ఏడు, అయిదు, మూడు, సున్నా.

"నాన్నా, కాయ సగం చక్కెరతో ఉడకనీ. మిగతాది పాకంగా పక్కన పెడదాం. కావలసినవాళ్లకి కావలసినంత."

"కావలసినంత! నేను కాచేది టీనా, స్నానానికి నీళ్లా, వేడి చాలకపోతే ఇంకో చెంబు పోసుకోవడానికి?"

"జనం మారారు."

"నాలుకలు మారవు. నాలుక పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. బుర్రలు మారాయి. ఎవడో డాక్టరు చెప్పాడని, ఎవడో ఫోనులో చూపించాడని మూడు పాళ్లంటారు. ఒక్కడైనా ముందు తాగి చూసి అడుగుతున్నాడా?"

"నువ్వు తాగనిస్తే కదా! వాళ్లు నోరు తెరవగానే కుండ మోగిస్తావు."

నేను రోడ్డుకి ఇవతలి నుంచి, "పాపా, పన్నెండు పాళ్లు కూడా రాయి, నాకు కావాలి," అన్నాను.

"నువ్వు నీ బండి చూసుకో అన్నా. నిన్న నువ్వు బాగుచేసిన స్కూటరు వెనక్కి వెళ్తోందట."

అది నిజమే. ముందుకి వెళ్లే స్కూటర్లు ఎవడైనా చేస్తాడు.

పేజెన్ గొంతు ఆ తర్వాత మారిపోయింది. "విను నాన్నా. నేను ఇక్కడే ఉండి కొట్టు నడుపుతాను. ఇష్టంగానే నడుపుతాను. కానీ పలక ఉండాలి. వద్దంటే వచ్చే నెల తైచుంగ్ వెళ్లిపోతాను. నువ్వు నిలబడలేవు, అమ్మ ఒక్కతే కుండ దించలేదు. పొయ్యి ఆరిపోతుంది. నీ ఇష్టం."

బాబాయ్ గరిటె ఎత్తాడు, కొట్టలేదు. అంత కోపం ఆయనకి ఎప్పుడూ రాలేదని అప్పుడు తెలిసింది నాకు. పిన్ని వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు.

పిన్ని అల్లం చెక్కు తీస్తోంది. "నేనేమంటాను? భూమి తాతని అడుగు," అంది.

భూమి తాతంటే మా నేలని కాచే దేవుడు, మా సందు చివర చిన్న గుళ్లో ఉంటాడు. తెల్ల గడ్డం, గుండ్రటి బుగ్గలు, తీపంటే ప్రాణం. మా పాత పంచాంగంలో రెండో నెల రెండో రోజు ఆయన పుట్టినరోజు. ఆ రోజు సందు సందంతా పల్లీ చిక్కీలు, బంక అన్నం, నారింజ పళ్లు పట్టుకెళ్తాం. ఆయన గడ్డానికి కూడా కాస్త తీపి పూస్తాం, మా గురించి మంచిగా మాట్లాడతాడని. తండ్రీ కూతుళ్లు షరతు పెట్టుకున్నారు. తాత వరసగా మూడుసార్లు అవునంటే పలక అటక మీదికి. కాదంటే పలక గోడ మీదికి. ఆ మధ్యలో ఎవరూ అరవకూడదు.

పుట్టినరోజు పొద్దున్న గుడి ముందు అందరం ఉన్నాం. గుడి చూసుకునే ల్యావ్ అవ్వ ఎర్రటి నెలవంక చెక్కలు రెండూ తుడిచి బాబాయ్ చేతిలో పెట్టింది. ఆ చెక్కలకి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకటి అలా, ఒకటి ఇలా పడితే అవును. రెండూ ఉబ్బు పైకి పడితే కాదు. రెండూ చదును పైకి పడి ఊగుతుంటే తాత నవ్వుతున్నాడని. నవ్వాడంటే నీ ప్రశ్న ఆయనకి అర్థం కాలేదు, లేదా మరీ బాగా అర్థమైంది.

బాబాయ్ తన టీ మూడు చిన్న కప్పుల్లో పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, పేరూ సందూ చెప్పుకుని మొదలుపెట్టాడు. "తాతా, నా టీ అందరికీ నచ్చుతుంది కదా, పలక అక్కర్లేదు కదా, సందు మొదట్లో వాళ్లు అమ్మేది రంగునీళ్లే కదా?"

చెక్కలు పడ్డాయి. ఊగాయి. తాత నవ్వాడు.

మళ్లీ వేశాడు. నవ్వాడు. మళ్లీ. మళ్లీ నవ్వే.

"ఏంటి తాతా, పొద్దున్నే కల్లు పోశారా ఎవరైనా?" అన్నాడు బాబాయ్ పళ్లు నూరుతూ.

ల్యావ్ అవ్వ ఊదుబత్తుల పొగలోంచి, "ఒరేయ్ జిన్‌ష్వే, మూడు ప్రశ్నలు ఒకే పుల్లకి గుచ్చి ఇస్తే ఆయనేం తింటాడు? ఒక్కటి అడుగు. అడిగి జవాబు కూడా నువ్వే చెప్పకు," అంది.

"సరే. నా టీ బాగుందా?"

అవును. అవును. అవును.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. మోకాళ్లు టపటపమన్నాయి. "అయిపోయింది! పలక అటక మీద పెట్టు."

"నువ్వు అడిగింది టీ బాగుందా అని," అంది పేజెన్. "బాగుందని నేనూ అంటాను. దాని గురించి కాదు కదా గొడవ. అందరికీ అలాగే కావాలా అని అడుగు."

"బాగున్నది అందరికీ కావాలి. అదో ప్రశ్నా?"

"అడుగు మరి, భయం దేనికి?"

ఆ మాట అనకూడదు మా బాబాయ్‌తో. మళ్లీ కూర్చున్నాడు. "తాతా, నీకు బాగా వినబడేలా అడుగుతున్నా. ఈ సందులో వాళ్లందరూ నా టీని ఉన్నదున్నట్టు, ఇష్టంగా తాగుతారా?"

కాదు.

మళ్లీ వేశాడు. కాదు.

"ఎవడు?" అని లేచాడు ఆయన. "ఎవడు వాడు? నలభై ఏళ్లుగా నా చేతి టీ తాగుతూ మనసులో ఇంకోటి అనుకుంటున్నది ఎవడు?"

"ఎవడని అడిగితే చెక్కలు చెప్పలేవురా," అంది అవ్వ. "పేరు చెప్పి అడగాలి."

"పేరు చెప్పే అడుగుతా!" అని మా వైపు తిరిగాడు. సందు మొత్తం రెండడుగులు వెనక్కి వేసింది. నేను కూడా వేశాను, కానీ ధైర్యంగా వేశాను.

"ఎదురు షాపు అచుంగ్! నచ్చనిది వీడికేనా?"

"బాబాయ్, నేను రోజుకి తొమ్మిది కప్పులు తాగుతాను, నా రక్తం తీస్తే నీ టీయే వస్తుంది!"

చెక్కలు: కాదు. చూశారా, తాతకి నా సంగతి తెలుసు.

"లాటరీ వూ!" కాదు. "నూడుల్స్ బండి వాడు!" కాదు. "వాడి పెళ్లాం!" కాదు. ఆ బండి వాళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు, పెళ్లినాడు కూడా అలా పట్టుకుని ఉండరు. ఒక్కొక్క పేరుకీ కాదు వస్తున్న కొద్దీ ఆయన ఊపిరి ఎక్కువవుతోంది, మా ఊపిరి తగ్గుతోంది. ఎందుకంటే పేర్లు అయిపోతున్నాయి. పిన్ని నారింజల బుట్ట పట్టుకుని గడప పక్కన నిలబడి ఉంది. మేమెవరం ఆమె వైపు చూడటం లేదు. అంతమంది ఒకే మనిషి వైపు చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి.

"ల్యావ్ అవ్వా, నువ్వా?"

"నన్నెందుకు లాగుతావురా, నాకు పళ్లే లేవు." చెక్కలు కూడా కాదన్నాయి.

బాబాయ్ అలసిపోయాడు. చెమట తుడుచుకుని, నవ్వు కాని నవ్వొకటి నవ్వి, "ఇంకెవరు మిగిలారు? నా పెళ్లామా?" అంటూ చెక్కలు వదిలేశాడు.

ఒకటి అలా. ఒకటి ఇలా.

"ఇది తమాషాకి," అన్నాడు గబగబా. "తమాషాకి వేసింది లెక్క కాదు తాతా." ఈసారి చేతులు జోడించి, పిన్ని పూర్తి పేరు, పుట్టింటి పేరు, ఇంటి నంబరు చెప్పి మెల్లగా వేశాడు. అవును. ఇంకోసారి. అవును. మళ్లీ ఇంకోసారి. అవును.

ఊదుబత్తి బూడిద రాలిన చప్పుడు నాకు వినబడింది. నా చెవుల సంగతి ముందే చెప్పాను.

"బీష్యా," అన్నాడు బాబాయ్, లేవకుండానే. "తాత ఏదో అంటున్నాడు."

"అన్నాడుగా," అంది పిన్ని.

"నీకు నచ్చదా?"

"మరీ తీపి. మొదటి రోజు నుంచీ. సగం మా తమ్ముడి కొట్టు నీళ్లు కలుపుకుంటేగానీ నాకు గొంతు దిగదు."

"ఆ ఫ్లాస్కు ఒంటి వేడికి కాదా?"

"నా ఒంటికి వేడేం లేదు. నువ్వే అంటావు."

బాబాయ్ మా అందరి మొహాలూ చూశాడు. మేం తాత గడ్డాన్ని చాలా శ్రద్ధగా చూశాం. సందంతటికీ తెలుసన్న సంగతి ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. "ఒక్కరోజు చెప్పలేకపోయావా? రోజూ అడిగాను నిన్ను! నీ నోటికి అందించి మరీ అడిగాను!"

"అడిగావు. బాగుంది కదా, అని. అలా అడిగితే ఏం చెప్పను? ఇప్పుడు తాత మాత్రం ఏం చెప్పాడు నీకు? నవ్వాడు. నేను నవ్వలేదు, ఊఁ అన్నాను. తేడా అంతే."

"మోసం ఇది!"

"మోసమా?" పిన్ని బుట్ట కింద పెట్టింది. ఆమె గొంతు పెంచడం అప్పుడే విన్నాను. "మా నాన్న కొట్లో గిన్నెడు చేదు తాగి ప్రాణం లేచొచ్చిందన్నది ఎవరు? నీకు చేదంటే ఇష్టమని నమ్మే కదా మా నాన్న పిల్లనిచ్చాడు?"

"నువ్వూ నమ్మావుగా?"

"నేనెందుకు నమ్ముతాను? పెళ్లయిన మొదటి వారం నీ చొక్కాలు ఉతికింది ఎవరు? జేబు జేబంతా చక్కెర బంక. ఎన్నిసార్లు నానబెట్టినా పోలేదు."

మా సందులో ఎవరికో నవ్వు తన్నుకొచ్చింది. నాకే. బాబాయ్ చూసిన చూపుకి మింగేశాను.

"సరే," అన్నాడు ఆయన చివరికి. "నా సంగతి వదిలెయ్. ఇన్నేళ్లుగా నాకు నాలుక నువ్వు. నీకు నచ్చని టీని నువ్వు సరి చూస్తే, నేను అమ్ముతున్నది ఏంటి? నీకు నచ్చనప్పుడు బాగుందో లేదో నీకెలా తెలిసింది?"

పిన్ని ఆయన వైపు, బడికెళ్లనని మొండికేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "నచ్చడం వేరు, తెలియడం వేరు. నాకేం కావాలో నాకు తెలుసు. నీకేం కావాలో కూడా నాకు తెలుసు. మీ నాన్న కుండ ఎక్కడ ఆగేదో, ఏ రోజు కాయ పచ్చిగా ఉందో, ఏ రోజు చక్కెర నాసిదో, అన్నీ తెలుసు. నీ టీ నీ టీలా ఉందా లేదా అని చూశాను. నాకు నచ్చేలా ఉందా అని చూస్తే, ఎప్పుడో చేదు చేసి ఉండేదాన్ని."

దాంతో బాబాయ్ కోపం ఇంకా పెరిగింది, ఎటు పోవాలో తెలియని కోపం. చెక్కలు మళ్లీ తీసుకుని, "అయితే పలక పెట్టనా? చెప్పు తాతా, తిన్నగా అడుగుతున్నా. పలక పెట్టనా?" అన్నాడు.

తాత నవ్వాడు. మళ్లీ వేస్తే మళ్లీ నవ్వాడు. ఒక చెక్క అయితే బోర్లా పడబోయి, మనసు మార్చుకుని వెల్లకిలా తిరిగి మరీ నవ్వింది. నేను నా రెండు కళ్లతో చూశాను.

"మీ ఇంటి గొడవ మీ ఇంట్లో తేల్చుకోమంటున్నాడు," అని ల్యావ్ అవ్వ చెక్కలు లాగేసుకుంది. "జరగండి, వెనక జనం ఉన్నారు."

ఆ తర్వాత రెండు రోజులు కొట్టు తెరవలేదు. సందంతా గొంతెండిపోయింది. లోపలి నుంచి అరుపులు వినిపించాయి, ఎక్కువ ఆయనవే. "కాయలో సగం చక్కెర వెయ్యను! చచ్చినా వెయ్యను!" అన్నది ఒకటి. "వెయ్యమని ఎవరన్నారు?" అన్నది పిన్ని. మధ్యలో పేజెన్, "ఇద్దరూ ఒకే మాట అంటూ ఎందుకు అరుచుకుంటున్నారు?" అంది. ఆ పిల్ల సంచి సర్దుకోవడం, విప్పడం రెండూ విన్నాను.

మూడో రోజు కొట్టు తెరిచారు. కుండ అదే. కాయ, చక్కెర అవే, ఒక్క పలుకు తగ్గలేదు. కానీ కుండ పక్కన ఇంకో చిన్న కుండ ఉంది. పిన్ని పుట్టింటి నుంచి తెచ్చిన చేదాకుల నీళ్లు. గోడ మీద పేజెన్ పలక ఉంది, కానీ అంకెలన్నీ తుడిచేసి ఒక్క వాక్యం రాసింది: ముందు తాగండి, తర్వాత కలుపుకోండి. ఆ మాటలు బాబాయ్‌వి. చేతిరాత పేజెన్‌ది. ఆమె తైచుంగ్ ఆఫీసుకి ఫోను చేసి రానని చెప్పేసింది.

జనం వచ్చారు. ఒక చిన్న కప్పు ఉన్నదున్నట్టు తాగాలి, అది ఊరికే. తర్వాత ఎవరి నాలుక వాళ్లది. కొందరు సగం సగం, కొందరు ఒక చెమ్చా చేదు, ఒకాయన అయితే అంతా చేదే పోసుకుని పైన రెండు చుక్కలు తీపి వేసుకున్నాడు. కొందరు చిన్న కప్పు తాగి, ఒక క్షణం ఆగి, "ఇలాగే ఇవ్వండి," అన్నారు. వాళ్ల వైపు బాబాయ్ చూసే చూపు పెళ్లికొడుకు చూపు. కలుపుకునేవాళ్లని మాత్రం ఆయన చూడలేడు. వాళ్లు చిన్న కుండ ముట్టుకోగానే గోడ వైపు తిరిగి నిలబడతాడు. "పాడు చేసుకోండి, పాడు చేసుకోండి," అని గోడకి చెప్తాడు. గరిటె మాత్రం ఇక మోగలేదు. దాన్ని నేనే ఆఖరిసారి సరిచేశాను. ఇప్పుడు అది ఎంత తిన్నగా ఉందంటే దాన్ని చూసి వీధి దీపాల స్తంభాలు సిగ్గుపడుతున్నాయి.

ఇప్పుడు బాబాయ్ కోపమంతా మధ్యాహ్నం ఒక్క ఘడియకి కుదించుకుపోయింది. కుండ దించాక పిన్ని కప్పు ఆయనే కలుపుతాడు. పట్టుదల. ఆమె నాలుక ఆయన టీని అన్నేళ్లు తప్పకుండా చెప్పగలిగితే, ఆమెకి ఏం కావాలో ఆయనకీ తెలిసి తీరాలట. ఇంత తీపి, ఇంత చేదు పోసి, వేలితో తిప్పి, తన నాలుక చివర ఒక్క బొట్టు వేసుకుని మొహమంతా ముడుచుకుని, రోడ్డు దాకా వినబడేలా "ఛీ!" అని, కప్పు ఆమెకి ఇస్తాడు.

నిన్న కూడా ఇచ్చాడు. పిన్ని తాగింది.

"ఎలా ఉంది?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన "బాగుంది కదా"ని ఆయన మింగడం నాకు ఇక్కడి నుంచే వినిపించింది.

"బాగోలేదు."

"ఏం తక్కువైంది?"

"ఏమో. నిన్న తక్కువ. ఇవాళ ఎక్కువ."

"నిన్న తక్కువని ఇవాళ పెంచాను కదే! ఏది ఎక్కువ? తీపా, చేదా?"

"నువ్వు కనుక్కో," అని పిన్ని కప్పు ఖాళీ చేసి, బోర్లించి, నారింజ ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

బాబాయ్ రోడ్డు దాటి నా షాపుకొచ్చి, నేను విప్పి పెట్టిన ఇంజను మీద కూర్చున్నాడు. "అచుంగ్, నీకు తెలుసా ఆమెకి ఏది ఇష్టమో?" అన్నాడు.

నాకు తెలియనిది ఈ ఊళ్లో లేదు. కానీ ఆ ఒక్కటి తెలియదు. తెలుసన్నాను. చెప్పమన్నాడు. చెప్పనన్నాను. ఒక తిట్టు తిట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, మళ్లీ రోడ్డు దాటి వెళ్లి, రేపటి కాయ కోయడం మొదలుపెట్టాడు.